ఎడమ చుట్టు

బతికినన్నాళ్ళూ తీసిన వస్తువును తీసిన చోట పెట్టిన పాపాన పోలేదు ఆయన. పోయాకయినా ఆ అలవాటు మానాడా అంటే అదీ లేదు. మనిషి పోయి ఇరవై రోజులైంది. చక్కెర డబ్బాలో కోడి ఈక దొరికింది. ఉతికిన దుప్పట్ల మడతల్లో ఈల దొరికింది. బియ్యం డబ్బా అడుగున దిక్సూచి దొరికింది. బియ్యం ఏ దిక్కున ఉన్నాయో చూసుకుందామని పెట్టుకున్నాడు కాబోలు. ఇక సోఫా ఎడమవైపు దిండు సందులో ఎక్కడో ఒక గాలపు ముల్లు ఉండిపోయింది. ఆవిడ వెతికితే దొరకదు. పరామర్శకు వచ్చినవాళ్ళకు మాత్రం చక్కగా దొరుకుతుంది. ఇప్పటికి ఇద్దరు ఏడుస్తూ కూర్చుని, కేక వేస్తూ లేచారు.

అందుకే గురువారం సాయంత్రం గాలాల సంఘం కార్యదర్శి వచ్చినప్పుడు, "ఆ వైపు వద్దు మాస్టారూ, ఇటు కూర్చోండి" అని ఆవిడే కుడివైపు చూపించింది.

మాస్టారు బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ ఆయన్ని ఎదురుగా చూడటం ఇది మూడోసారో నాలుగోసారో. అయినా బాగా ఎరిగిన మనిషి కిందే లెక్క. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం మాస్టారి కబుర్లు ఈ ఇంటికి వస్తూనే ఉన్నాయి. భర్త నది నుంచి తిరిగొచ్చి, తడి బూట్లు గుమ్మం పక్కన పాత పేపరు మీద పెట్టి, మొదట చెప్పేది చేపల సంగతి కాదు. "డ్రాయింగు మాస్టారు ఇవాళ నీ గోధుమరంగు పురుగుని చూసి కళ్ళకద్దుకున్నాడోయ్" అనేవాడు. "ఆయన మొహం" అనేది ఆవిడ. అని, మర్నాడు ఇంకో పురుగును ఇంకాస్త శ్రద్ధగా కట్టేది.

పురుగంటే ఆ ఇంట్లో అర్థం వేరు. గాలపు ముల్లు చుట్టూ ఈకా దారమూ చుట్టి, నీటి మీద వాలిన ఈగలాగో తూనీగలాగో కనబడేట్టు కట్టిన ఎర అది. చేప దాన్ని నిజం పురుగనుకుని నోరు తెరవాలి. మోసమే, కాని చాలా ఓపిక కావలసిన మోసం.

మాస్టారు సంచిలోంచి అచ్చుకాగితం తీశారు. ఆదివారం పొద్దున సంఘం గదిలో సంస్మరణ సభ. పైన భర్త ఫోటో, కింద మూడు మాటలు: సైనికుడు, సంసారి, ప్రకృతి ప్రేమికుడు. మధ్యమాట దగ్గర ఆవిడ కాస్త ఆగింది. సంసారి అనిపించుకోవాలంటే మనిషి ఇంట్లో ఉండాలి కదా అని ఒక ఆలోచన వచ్చి, సర్లే పాపం అని దాని దారిన అది పోయింది.

"సభలో ఒక అద్దాల పెట్టె తెరుస్తున్నాం వదినగారూ" అన్నారు మాస్టారు. "అన్నగారి కోటు, పురుగు కట్టేటప్పుడు ముల్లు బిగించడానికి ఆయన వాడిన వైసు, ఆయన స్వహస్తాలతో కట్టిన పురుగులు. మా అందరి దగ్గరా ఉన్నవి పోగేస్తే నలభై ఆరు తేలాయి."

"ఎవరు కట్టినవి?"

"అన్నగారేనండీ. ఇంకెవరు."

మాట తడబడ్డారేమో అనుకుంది ఆవిడ. ఆయన తెచ్చి ఇచ్చినవి అనబోయి అలా అన్నారేమో. టీ కప్పు అందిస్తూ, సరిదిద్దుకుంటారని ఒక్క క్షణం ఎదురుచూసింది కూడా.

"మీకు తెలియందేముంది" అని మాస్టారు నవ్వారు. "ఇల్లంతా ఈకలు, దారపు ముక్కలు. ఎంత విసుక్కునేవారో మీరు. అన్నగారు చెప్పి నవ్వేవారు. 'మా ఆవిడకి పురుగులంటే ఒళ్ళుమంట, వంటింట్లో ఓ మూల నాకింత చోటిచ్చింది, అదే పదివేలు' అని."

"అలా అన్నారా?"

"ఎన్నిసార్లో. మా ఇంటావిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు చూడండి, ఆరు నల్ల పురుగులు కట్టి తెచ్చిచ్చారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయనుకోండి. ఒక్కదాన్ని కూడా నీళ్ళలో వెయ్యలేదు, అలాగే దాచుకున్నాను."

ఆ ఆరింటినీ ఆవిడ ఒక మధ్యాహ్నం కూర్చుని కట్టింది. దూదిలో పెట్టి, అగ్గిపెట్టెలో సర్ది, "మాస్టారి భార్యకి నయమయ్యాక వీటితో నదికి వెళ్ళమనండి, నేను చెప్పానని చెప్పండి" అని పంపింది. సాయంత్రం భర్త వచ్చి, "చెప్పాను. పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు" అన్నాడు. కళ్ళనీళ్ళు నిజమేనన్నమాట. చెప్పడమే అబద్ధం.

మాస్టారు వెళ్ళేముందు ఒక పలచటి పుస్తకం బల్లమీద పెట్టారు. సంఘం వేసిన చేతిపుస్తకమట, ఆదివారం రెండో కూర్పు వస్తుందట. పేరు 'సైనికుడి చుట్టు'. బొమ్మలన్నీ మాస్టారే వేశారు.

"శనివారం వచ్చి వైసు పట్టుకెళ్తాను. ఇక మీకు ఆ చిరాకు ఉండదులెండి" అన్నారు గుమ్మంలో.

శుక్రవారం పొద్దున పనులన్నీ అయ్యాక ఆవిడ వంటింటి బల్ల దగ్గర కూర్చుని పుస్తకం తెరిచింది. బల్ల మూలకు బిగించిన చిన్న వైసు ఎప్పట్లాగే అక్కడే ఉంది. రెండు ఇనప పెదవుల మధ్య ఒక ముల్లు, దాని మీద సగం చుట్టిన దారం. ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజున ఎక్కడ ఆపిందో అక్కడే ఆగిపోయింది.

మొదటి పేజీలో ఇలా ఉంది: 'అందరూ దారాన్ని తమ దగ్గర్నుంచి అవతలికి చుడతారు. మన సంఘంలో మాత్రం అవతలి నుంచి ఇవతలికి చుడతాం. కుడిచేతితో ఇలా చుట్టడం మొదట్లో చాలా కష్టం. మణికట్టు నొప్పి సహజం, ఆరు నెలల్లో అలవాటవుతుంది. ఇది సరిహద్దు దళాల్లో పుట్టిన పద్ధతి.'

ఆవిడ ఆ ముక్క రెండుసార్లు చదివింది. మూడోసారి చదువుతుండగా నవ్వొచ్చింది. ఆవిడది ఎడమచేతి వాటం. ప్రపంచంలో ఏ కత్తెరా ఆవిడ చేతికి సరిగ్గా తెగదు, ఏ డబ్బా మూతా మొదటి తిప్పుకి రాదు. వైసును కూడా ఎడమచేతికి వీలుగా అటు తిప్పి పెట్టుకుంది. దాంతో చుట్టు తిరగబడింది. అంతకుమించి అందులో సరిహద్దు రహస్యమేమీ లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళో పెద్దమనుషులు డజను మంది కుడిచేతులు మెలికలు తిప్పుకుని, మణికట్లకు నూనె రాసుకుంటూ, ఆవిడ ఎడమచేతిని నేర్చుకుంటున్నారన్నమాట.

రెండో పేజీ: 'ప్రతి పురుగుకీ జానెడు సన్నతీగ, దాని కొసన ఒక చిన్న ఉచ్చు ముందే వేసి ఉండాలి. సైనికుడు సిద్ధంగా ఉంటాడు.'

మూడో పేజీ: 'చివర పూసే వార్నిషు పేరు మాత్రం మన పెద్దాయన ఎంత అడిగినా చెప్పరు.'

చెప్పలేడు మరి. అది గోళ్ళరంగు. రంగులేని రకం. కూతురు కాలేజీ రోజుల్లో కొని పారేసిన సీసాతో మొదలైంది. తరవాత ఆవిడే కొనేది. కొట్టతను ఒకసారి "ఈ వయసులో కూడా మీకు ఎంత ముచ్చటండీ" అన్నాడు. ఆ మాట భర్తకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఉచ్చు దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది. ఉచ్చు ఎందుకో ఆవిడకు తెలుసు. మంచుకొండ మీద కాపలా పోస్టులో ఒక చలికాలం ఆయన కుడిచేతి మూడు వేళ్ళకు స్పర్శ పోయింది. చూడటానికి నిక్షేపంగా ఉండేవి, పట్టుకుంటే ఏమీ తెలిసేది కాదు. నదొడ్డున ముడి వెయ్యడం ఆ వేళ్ళ వల్ల కాదు, ఉచ్చయితే తగిలించుకుంటే చాలు. పెళ్ళయిన వారానికి ఆ చెయ్యి ఆవిడ ముందు చాపి చెప్పాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు, కన్నకూతురికి కూడా. ఆయన చొక్కాలన్నిటికీ గుండీలను కాజాల మీదే కుట్టేసి, అడుగున టక్కుమని పడే టిచ్‌బటన్లు పెట్టింది. ఫోటోల్లో ఆ చెయ్యి ఎప్పుడూ జేబులోనో, పిల్ల భుజం వెనకో, పెద్ద చేప కిందో ఉండేది. సైన్యం నుంచి వచ్చేసిన మొదటి వేసవిలో ఈ బల్ల దగ్గరే కూర్చుని పురుగు కట్టబోయి, డబ్బాడు ముళ్ళు నేలమీద పోసుకుని, వాటివంక చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ కూరగాయల కత్తి పక్కన పెట్టి ఒక్కొక్కటే ఏరింది. "ఎలా కట్టాలో చెప్పండి" అంది. ఆయన నోటితో చెప్పాడు, ఆవిడ చేత్తో కట్టింది. అన్నం ఉడికేలోగా ఒకటి. తరవాత్తరవాత రెండు.

వేళ్ళ సంగతి దాచమన్నాడు, సరే. దాన్ని దాచడానికి ఆవిణ్ణి కూడా కలిపి దాచేస్తాడని ఎవరనుకున్నారు. దాచినవాడు ఊరుకోవచ్చుగా, ఆదివారం ఆదివారం ఆ మెప్పులన్నీ మోసుకొచ్చి ఎందుకివ్వాలి? మాస్టారు నీకు నమస్కారాలు చెప్పమన్నాడు. కొత్తగా చేరినాయన నీ పనితనానికి ముక్కున వేలేసుకున్నాడు. మాటలు అక్కడివే, మెప్పూ నిజమే, పేరొక్కటే దారిలో మార్చేవాడు. నదొడ్డున తన పేరు, గుమ్మం దాటాక ఆవిడ పేరు. ఆ మాటల కోసమే కదా కళ్ళజోడు నెంబరు రెండుసార్లు మారినా మానకుండా కట్టింది. పైగా తనకి పురుగులంటే ఒళ్ళుమంటట.

ముందుగదిలోకి వెళ్ళి ఫోటో ముందు నిలబడింది. చేతిలో చేప, చేప కింద చెయ్యి, మొహాన ఏమీ ఎరగని నవ్వు.

"మీతో నాకు మాటల్లేవు" అంది.

ఫోటోను గోడవైపు తిప్పి పెట్టింది, బడిలో అల్లరి పిల్లాణ్ణి నిలబెట్టినట్టు.

శనివారం పొద్దున్నే కూతురు వచ్చింది. అవతలి పేటలో ఉంటుంది, రక్తపరీక్షల ల్యాబులో పని. కంటికి కనబడిందే కాగితం మీద పెట్టాలి, ఊహించి రాయకూడదు అని కింది వాళ్ళను రోజూ కేకలేసే ఉద్యోగం. రాగానే ఫోటో చూసింది.

"నాన్నని అలా తిప్పేశావేంటమ్మా?"

"ఎండ పడుతోంది."

"అటు ఎండే రాదు."

"వస్తుందేమోనని."

కూతురు ఫోటోను ఇటు తిప్పి, సంచిలోంచి టైపు చేసిన కాగితం తీసింది. సభలో తండ్రి జీవితం గురించి తనే చదవాలి. తల్లికి ఒకసారి వినిపిద్దామని తెచ్చింది. తల్లి బీన్సు చివర్లు తుంచుతూ వింది. సైన్యం ముక్క బాగుంది. సంసారం ముక్క కూడా, చెప్పుకోవాలంటే, ఫరవాలేదు. తరవాత కూతురు గొంతు సవరించుకుని చదివింది: "'రోజూ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని, తన చేతులతో, ఎంతో ఓర్పుతో నాన్న ఎరలు కట్టేవారు.'"

"ఆ ముక్క మళ్ళీ చదువు" అంది తల్లి.

కూతురు చదవలేదు. కాగితం మడిచింది.

"మాస్టారు పంపిన నోట్సులో అలాగే ఉందమ్మా."

"మాస్టారు మనింట్లో లేరు. నువ్వున్నావు. ఆ బల్ల దగ్గరే కూర్చుని పదో తరగతి దాకా హోంవర్కు చేశావు. నీ లెక్కల పుస్తకంలో నా ఈకలు పడ్డాయని టీచరు నిన్ను బెంచీ ఎక్కించింది. ఇంటికొచ్చి నా మీద ఎగిరావు."

"గుర్తుంది."

"మరి?"

"మరేముంది. ఇప్పుడు ఎవరు కడితే ఏంటమ్మా? నాన్న లేరు."

"నేనున్నాను కదే."

కూతురు కిటికీలోంచి బయటకు చూసింది. అటే చూస్తూ అంది: "రాద్దామని కూర్చుంటే నాకు నాన్న గురించి ఏమీ తెలియలేదమ్మా. చిన్నప్పుడు సెలవుల్లో వచ్చేవారు. వచ్చేశాక నది, కొండ, ఆ మనుషులు. ఆ బల్ల దగ్గర నాన్న కూడా ఉండేవారుగా, ఎదురు కుర్చీలో. ఆయన చేతులతో ఏదో చేసేవారని రాస్తే మనిషి కళ్ళకు కట్టినట్టు కనిపించాడు. కాగితం నిండింది. అంతే."

"నన్ను చెరిపి నింపావన్నమాట."

"నువ్వెప్పుడూ ఇంతే. చిన్నదాన్ని పెద్దది చేస్తావు. సభలో అందరి ముందూ మా నాన్న అబద్ధాలకోరు అని చదవమంటావా?"

తల్లి బీన్సు గిన్నె దగ్గరికి లాక్కుంది. ఆ మూడు వేళ్ళ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఈ పిల్ల నోరు ఒక్క దెబ్బకు మూతపడుతుంది. కాని చెప్పనని ఒకరికి మాటిచ్చింది. ఆ ఒకరు తనను ఎలా చూసినా, మాట తనది.

"వద్దులే" అంది. "నీ కాగితం నీ ఇష్టం. రేపు నేను నోరు మెదపను."

అంతలో గంట మోగింది. మాస్టారు, వైసు కోసం.

"రండి మాస్టారూ, కూర్చోండి" అంది ఆవిడ. ఈసారి సోఫా ఎడమవైపు చూపించింది.

కూతురు ఏదో అనబోయేలోపే ఆయన కూర్చున్నారు, కూర్చున్నంత వేగంగానూ లేచారు. ముల్లు ఎట్టకేలకు బయటపడింది. "అయ్యయ్యో, ఎక్కడ వెతికినా దొరకలేదండీ" అంటూ ఆవిడ కత్తెర తెచ్చి, ప్యాంటు వెనకభాగం పావలాకాసంత మేర శ్రద్ధగా కత్తిరించి ముల్లును విడిపించింది. కూతురు వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి చాలాసేపు చేతులు కడుక్కుంది. మాస్టారు మాత్రం దారం చుట్టి ఉన్న ఆ ముల్లును వెలుతురుకు ఎత్తి చూసి, "అన్నగారి పనే. చుట్టు చూడండి" అన్నారు భక్తిగా.

వైసు విప్పడానికి ఆయనకు పావుగంట పట్టింది. మర ఎటు తిప్పాలో తెలియలేదు. అది తీసేశాక బల్ల అంచున రెండు లోతైన నొక్కులు మిగిలాయి. ఆవిడ వాటి మీద తడిగుడ్డ వేసి తుడిచింది. అవి మరకలు కావు, పోలేదు.

మాస్టారు వెళ్ళాక కూతురు తండ్రి కోటు మడతపెట్టడానికి కూర్చుంది. నదికి వేసుకెళ్ళే ఆకుపచ్చ కోటు, రేపు అద్దాల పెట్టెలోకి వెళ్ళేది. ముందు గుండీలు పెట్టి మడుద్దామని మొదటి గుండీ పట్టుకుంది. అది కాజాలోకి వెళ్ళలేదు. కాజా మీదే కుట్టేసి ఉంది. రెండోదీ అంతే. అంచు తిరగేసి చూసింది.

"ఇదేంటమ్మా? అన్నీ ఉత్తుత్తి గుండీలు. లోపల టిచ్‌బటన్లున్నాయి."

"ఊడిపోతుండేవి, అలా చేశాను."

"అన్ని గుండీలూనా?"

తల్లి పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరగలేదు. కూతురు బీరువా తెరిచి తండ్రి చొక్కా ఒకటి తీసింది. ఇంకొకటి తీసింది. తల్లి వెనకాల టక్‌మని ఒక చప్పుడు, కాసేపాగి ఇంకో టక్. కూర మాడేదాకా ఆ చప్పుళ్ళు వినబడుతూనే ఉన్నాయి.

ఆదివారం సంఘం గది నిండింది. నదొడ్డున రేకుల కప్పు గది, గోడల నిండా చేపల ఫోటోలు. ఫోటోల్లో చేపలకంటే మనుషులే ఎక్కువ ఆశ్చర్యపోయి ఉన్నారు. ముందు వరసలో ఆవిడ, పక్కన ఒళ్ళో కోటుతో కూతురు. అద్దాల పెట్టెలో నలభై ఆరు పురుగులు తెల్లగుడ్డ మీద వరసగా ఉన్నాయి. ఏది ఏ ఏడు కట్టిందో ఆవిడ గుర్తుపట్టగలదు. బూడిదరంగుది కూతురికి జ్వరం వచ్చిన వారంలోది. ఆ పసుపుది కొత్త కళ్ళజోడు మొదటిరోజుది, కాస్త గర్వంగా ఉంటుంది. కింద రాగిరేకు మీద చెక్కి ఉంది: ఆయన స్వహస్తాలతో.

మొదట భర్తతో పనిచేసిన మిలటరీ డ్రైవరు మాట్లాడాడు. ఆవిడ ఆయన్ని అన్నయ్యా అంటుంది. మైకు అలవాటు లేక దానికి నమస్కారం పెట్టి మొదలెట్టాడు.

"ఆ చలికాలం పోస్టు మీంచి ఈయన్ని కిందికి దించింది నేనేనండి. పదకొండు గంటలు ప్రయాణం. దారంతా జోకులే. నేను ఏడుస్తున్నాను, ఈయన జోకులు. అప్పటికే చేతులు…" అని ముందు వరసలో ఆవిడ కళ్ళలోకి చూసి, ఆగి, దగ్గాడు. "చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదండి ఎప్పుడూ" అని ముగించి, నమస్కారం పెట్టి దిగిపోయాడు.

ఈ అన్నయ్యకీ తెలుసన్నమాట. తెలిసినవాడు కట్టింది ఎవరో ఊహించుకోలేకపోయాడా? ఊహించుకున్నాడు, ఊరుకున్నాడు. ఆవిడకు ఆయన మీద కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేకపోయింది. పక్కన కూతురు బొటనవేలు కోటు అంచు లోపల టిచ్‌బటను మీద ఆగి ఉంది.

తరవాత మాస్టారు లేచారు. ప్యాంటు మారింది. కొత్తగా చేరినవాళ్ళ కోసం సైనికుడి చుట్టు చేసి చూపిస్తానని, బల్లకు బిగించిన వైసు ముందు కూర్చున్నారు. కుడిచెయ్యి మెలితిప్పి దారాన్ని ఇవతలికి లాగడం మొదలెట్టారు. దారం జారింది. మళ్ళీ పెట్టారు. ఈక వంకరగా నిలబడింది. బిగువు లేదు, చుట్టుకూ చుట్టుకూ మధ్య సందు. నోరు మెదపనని ఆవిడ మాటిచ్చింది నిజమే. కాని ఆ ఈకను అలా నలుపుతుంటే చూస్తూ కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. మూడు చుట్లు ఓర్చుకుంది. నాలుగో చుట్టుకు లేచింది.

"ఇటివ్వండి మాస్టారూ."

కుర్చీలో కూర్చుని, వైసును తనకు అలవాటైన వైపుకు తిప్పుకుంది. మాస్టారు చుట్టిందంతా ఒక్క లాగుతో విప్పేసింది. కళ్ళజోడు దించుకుని, దారాన్ని మైనం మీద రెండుసార్లు గీసి, ఎడమచేత్తో పట్టుకుంది. అంతే, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. తోకకు నాలుగు పోగులు. పొట్టకు గోధుమరంగు ఊలు, పలచగా. ఈకను మొదట్లో కట్టి, నిలువుగా లేపి, ఒకదాని పక్కన ఒకటి ఆనుకునేట్టు మూడు చుట్లు. తల దగ్గర ముడి. తెంపింది. జానెడు సన్నతీగ తగిలించి కొసన ఉచ్చు వేసింది. హ్యాండ్‌బ్యాగులోంచి గోళ్ళరంగు సీసా తీసి, తల మీద ఒక్క చుక్క పెట్టింది. వెనక వరసలో ఎవరో ఆడమనిషి ఫక్కున నవ్వి, నోరు మూసుకుంది. పెద్దమనుషులు మెడలు చాచి చూస్తున్నారు. అంతసేపూ వాళ్ళ కుడిచేతులు మోకాళ్ళ మీద ఊరకనే అటూ ఇటూ మెదిలాయి.

మాస్టారు పురుగును అరచేతిలోకి తీసుకున్నారు. అద్దాల పెట్టెలోకి చూశారు, మళ్ళీ చేతిలోకి చూశారు. ఆయన మొహం మారింది. ఇప్పుడు తెలిసింది అనుకుంది ఆవిడ.

"వదినగారూ" అన్నారు మాస్టారు. "మీకు కూడా నేర్పారన్నమాట అన్నగారు. అచ్చం ఆయన చెయ్యే. ఎంత ఓపికగా నేర్పి ఉంటారో."

గది గదంతా చప్పట్లు కొట్టింది. ఒకాయన లేచి నిలబడి మరీ కొట్టాడు. ఆ చప్పట్లు ఆవిడ పక్కనుంచి వెళ్ళి అద్దాల పెట్టె పైన పెట్టిన ఆయన ఫోటోకు తగిలాయి. ఫోటో వాటిని చేప పట్టుకున్నంత తేలిగ్గా పట్టుకుంది.

ఆవిడ సీసా మూత బిగించి, హ్యాండ్‌బ్యాగులో వేసుకుని, వచ్చి తన చోట కూర్చుంది. ఇక చెప్పడానికి ఏముంది. కళ్ళముందు కట్టి చూపిస్తే కూడా ఇంతే.

కూతురు మైకు దగ్గరికి వెళ్ళింది. కోటు పెట్టెలో పెట్టమని మాస్టారు చెయ్యి చాపితే ఇవ్వలేదు, చేతిమీదే వేసుకుంది. చదవడం మొదలెట్టింది. తండ్రి ఏ వయసులో సైన్యంలో చేరాడో, ఎన్ని కొండలమీద కాపలా కాశాడో చదివింది. శనివారం సాయంత్రాలు ఇంట్లో ఉన్న బూట్లన్నీ, చుట్టాలవి కూడా, ముందు పెట్టుకుని పాలిష్ చేసేవాడని చదివితే కొందరు నవ్వారు.

"'వాన పడుతున్నా తడికట్టెలతో నిప్పు చెయ్యడం నాకు నేర్పారు. అగ్గిపుల్ల మాత్రం ఎప్పుడూ నాచేతే గీయించేవారు, నేర్చుకోవాలని…'"

అక్కడ ఆమె వేగం తగ్గింది. ఆ వాక్యాన్ని లోపల్లోపల మళ్ళీ చదువుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. తలెత్తి ఫోటో చూసింది. చేపను చూసింది, చేప కిందికి చూసింది. చేతిమీది కోటును దగ్గరికి తీసుకుంది.

"'రోజూ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని, తన చేతులతో…'"

ఆగిపోయింది. దుఃఖం వచ్చిందనుకుని మాస్టారు గ్లాసుతో నీళ్ళు తెచ్చారు. ఆమె గ్లాసు తీసుకుని తాగకుండా బల్లమీద పెట్టింది.

"ఇక్కడ రాసింది నిజం కాదండీ" అంది. "ఈ పురుగులు మా నాన్న కట్టలేదు. మా అమ్మ కట్టింది. ఆ పెట్టెలో ఉన్నవన్నీ."

మాస్టారి చేతిలో ఆ కొత్త పురుగు ఇంకా ఉంది.

"మరి సైనికుడి చుట్టు?" అన్నారాయన.

"మా అమ్మది ఎడమచేతి వాటం సార్."

వెనకెక్కడో ఒకాయన తన మణికట్టును రెండోచేత్తో నెమ్మదిగా పట్టుకున్నాడు. మాస్టారు అద్దాల పెట్టె వైపు, రాగిరేకు వైపు, ఆవిడ ఎడమచేతి వైపు చూశారు. అగ్గిపెట్టెలోని ఆరు నల్ల పురుగులు గుర్తొచ్చినట్టున్నాయి, ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

"అయితే అన్నగారు మాతో ఎందుకలా…" అని ఆవిణ్ణే అడిగారు.

డ్రైవరన్నయ్య నేల చూశాడు. గదంతా ఆవిడ వంక చూసింది. ఇరవై ఆరేళ్ళ తరవాత మొదటిసారి చూపులన్నీ సరైన చోటికే వచ్చాయి. ఒక్క ముక్క చెబితే చాలు. ఆయన మీద కోపం అలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు.

"ఆయనకి తీరికుండేది కాదు మాస్టారూ" అంది ఆవిడ. "కబుర్లతోనే సరిపోయేది."

కూతురు తల్లిని చూసింది. టిచ్‌బటను సంగతి తనకు తెలిసిందని తల్లికీ, తల్లి ఇప్పుడు కూడా దాన్ని దాచిందని కూతురికీ అర్థమైంది. కూతురు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. మైకును పక్కకు జరిపింది. ముందు వరస దాకా వినబడితే చాలన్నట్టు, కాని గదంతా వినేట్టే, అంది:

"నాన్న సంగతి నాకు తెలీదమ్మా. నేను మాత్రం నువ్వు కడుతుంటే చూస్తూ పెరిగి, తెలిసే అలా రాశాను. తప్పు నాది."